ఆయన వాయించని చివరి వరస

మా ఆయన చర్చిలో పియానో నేర్చుకునేవాడు, ఒక్క పాటైనా పూర్తిగా రాకుండానే చనిపోయాడు. చివరి వరస దగ్గర ఎప్పుడూ వేలు తప్పేది, పాట మళ్లీ మొదలెట్టేవాడు. అందుకే దాని చివర నేనెన్నడూ వినలేదు.

నౌపడ స్టేషన్లో ఒకమ్మాయి పియానో పుస్తకం చూస్తూ బెంచీ మీద వేళ్లు ఆడిస్తోంది. సంచిలోంచి ఆయన పాట కాగితం తీసిచ్చాను.

"సివరి వరస పాడమ్మా."

"కొత్తగా నేర్సుకుంటన్నాను మామ్మా, తప్పులొస్తాయి. తప్పొచ్చినా ఆగొద్దంటారు మా టీచరు."

"ఆ మాట మా ముసిలోడికి ఎవులూ సెప్పలేదే!"

ఒక్కో చుక్కా వేలితో చూసుకుంటూ కూనిరాగం తీసింది. రెండుచోట్ల తడబడింది గానీ ఆగలేదు.

"ఐపోనాది మామ్మా."

"ఇంతేనేటి?"

ఆయన ఎప్పుడూ ఆగే చోటికి పాట చివర గుక్కెడు ఊపిరి దూరమే. విన్నానయ్యా అని ఇప్పుడెవరికి చెప్పను?