పేర్లు కల్పించాను, లెక్కలు కాదు

మా నాయనమ్మకు నూటయాభై రకాల సీతాకోకచిలుకల పేర్లు నోటికొచ్చని రెండు వేసవులపాటు చెప్పుకుంటూ తిరిగాను. ఒకసారి ఊపులో రెండొందలన్నాను. ఆ మాట అన్నది ఒక డాక్టరు మీది కక్షతో.

లండన్ అంచున హారోలో బస్సెక్కితే అరగంటలో ఒక గడ్డిమైదానం వస్తుంది. అక్కడ సీతాకోకచిలుకలను లెక్కపెట్టే పని ఆరేళ్లుగా నాది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా, వారానికొకసారి, ఎండ కాసిన పూట ఒకే కాలిబాట మీద నడవాలి. అటు ఎనిమిది అడుగులు, ఇటు ఎనిమిది అడుగులు, అంతలో కనిపించినవే లెక్క. వెనకనుంచి వచ్చినవి లెక్కలోకి రావు. ఆ కాగితం మా బృందం నడిపే ఇంగ్లీషావిడకు ఇవ్వాలి. ముప్ఫై ఏళ్లు బస్సు నడిపినవాణ్ణి. మళ్లీ నాకంటూ ఒక రూటు దొరికినట్టయింది.

రెండేళ్ల కిందట దిగాడు డాక్టరు. గుంటూరు మనిషి. కార్డిఫ్‌లో ప్రాక్టీసు చేసి, రిటైరై, హారోలో కూతురి దగ్గర చేరాడు. వచ్చిన మొదటిరోజే, పొదమీది సీతాకోకచిలుకలను చూసి నేను "గేట్‌కీపర్, రెండు" అనగానే అందుకున్నాడు.

"పైరోనియా టిథోనస్ అనండి. వాడుక పేరు దేశానికొకటి. లాటిన్ పేరు లోకమంతటికీ ఒకటే."

సబబైన మాటే. అందుకే మరింత మండింది.

"మా ఊళ్లో దీన్ని వాకిటి బావ అంటారండీ," అన్నాను.

అలా మొదలైంది. గోధుమరంగు రెక్కల మీద వలయాలున్న రింగ్లెట్‌కు 'కళ్లజోడు కోడలు' అని పెట్టాను. పసుపుపచ్చ బ్రిమ్‌స్టోన్‌ను 'పేరంటాలు' చేశాను. ఇంగ్లీషావిడ మురిసిపోయి ప్రతి పేరూ నోటుబుక్కులో ఎక్కించుకుంది. ఆ పేర్లతో గేటు దగ్గర బోర్డు పెట్టిస్తానంది. డాక్టరు మొహం ముడుచుకున్నప్పుడల్లా నాకు ఇంకో పేరు పుట్టేది.

ఈ ఏడు జూన్‌లో, కారు పార్కు పక్క బెంచీ మీద ఫ్లాస్కులో టీ తాగుతుంటే, డాక్టరు ఆవిడ ముందు మాట తెచ్చాడు. లాటిన్ పేర్లు రాయలేనివాళ్లకు లెక్క ఎందుకప్పగించాలి, నాకిస్తే నేను చేస్తానన్నాడు. ఆవిడ నవ్వి, వచ్చే ఆదివారం అందరూ వస్తారు, అప్పుడు మాట్లాడదామని లేచి వెళ్లింది. ఆవిడ అటు వెళ్లగానే ఆయన తెలుగులోకి దిగాడు.

"డ్రైవరుగారూ, మీదీ మాదీ కృష్ణకి ఒకే ఒడ్డు. కళ్లజోడు కోడలేంటండీ? సిగ్గుండాలి."

"మీరు కాన్వెంటులో చదివుంటారు. మీకేం తెలుస్తుంది?"

"చదువుకున్నాను కాబట్టే తెలిసింది. ఆదివారం అందరి ముందూ చెప్తాను. ఆ బోర్డు ఎలా లేస్తుందో చూస్తా."

ఆ సంతోషం ఆయనకు దక్కనివ్వకూడదనుకున్నాను. మర్నాడు పొద్దున్నే ఆవిడకు ఫోన్ చేసి నేనే చెప్పేశాను. మా ఊళ్లో ఎగిరే ప్రతిదాన్నీ సీతాకోకచిలుక అనేవాళ్లం, అంతే. మా నాయనమ్మకు పురుగంటేనే అసహ్యం, చీపురు పుచ్చుకునేది. పశ్చాత్తాపపడి చెప్పలేదు. డాక్టరు నోట్లో ముద్ద లాగేసుకోవాలని చెప్పాను.

ఆవిడ మెల్లగా అడిగింది.

"మరి మీ లెక్కలు?"

"లెక్కలు నిజం."

"పేర్లూ నిజమే అన్నారు కదా."

ఆరేళ్లలో ఒక్క రెక్క ఎక్కువ రాయలేదు. వానొచ్చి మూడే కనిపించిన వారం మూడే రాశాను. ఆ సంగతి ఆ ఫోన్‌లో ఎవరికి రుజువు చేయను? ఆదివారం మైదానం లెక్క డాక్టరుకిచ్చారు. నా పాత కాగితాలు సరిచూసేదాకా పక్కన పెడతామన్నారు. నేను వెంట నడవొచ్చు. లెక్క మాత్రం నాది కాదు.

జూలైలో ఒక బుధవారం ఆయన వెనకే నడిచాను. గడ్డిపరక మీద చిన్న నారింజరంగు సీతాకోకచిలుక వాలింది. ఆయన నిలబడే "థైమెలికస్ సిల్వెస్ట్రిస్" అని అట్టమీది కాగితంలో రాసేశాడు. ఇంగ్లీషులో స్మాల్ స్కిప్పర్. దానికి అచ్చంగా అలాగే ఉండే ఎసెక్స్ స్కిప్పర్ అని ఇంకొకటుంది. తేడా మీసాల కొసల్లోనే. ఎసెక్స్ దానికి కింద సిరాలో ముంచినంత నలుపు. ఎదురుగా, నేలమట్టంలో చూడాలి.

బోర్లా పడుకున్నాను. మోకాళ్లు కలుక్కుమన్నాయి. అది కదల్లేదు. రెండు కొసలూ నల్లగా నిగనిగలాడుతున్నాయి.

"డాక్టరుగారూ, ఇది ఎసెక్స్. వంగి చూడండి."

"నా నడుముకు వంగడం కుదరదు."

"నేను చూశాను కదండీ. కొసలు నలుపు."

ఆయన కింద పడున్న నా వంక చూశాడు.

"మీరు చూశారా?" అన్నాడు. "ఏం పేరు పెట్టారు దీనికి? బొగ్గుమీసాల బాబాయా?"

రాసింది కొట్టేయకుండానే ముందుకు నడిచాడు. తప్పు పేరు లాటిన్‌లో చక్కగా ఉంది. ఆ సీతాకోకచిలుక ఎగిరిపోయేదాకా నేను అక్కడే గడ్డిలో పడుకుని ఉన్నాను.