మామ్మ మంచం పక్క గుమ్మం

తెనాలిలో మేము కట్టుకుంటున్న ఇంటికి ద్వారబంధాలు చేయించాలని వడ్రంగి కొట్టుకు వెళితే, అప్పుడే చిత్రిక పట్టిన టేకు వాసన తగిలి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నాను. అందరూ ఇష్టపడే ఆ వాసన నాకు పడదు. "హాలు గుమ్మం ఎంత వెడల్పు పెట్టమంటారమ్మా?" అన్నాడు మేస్త్రి.

బాపట్లలో మా పెంకుటింట్లో వసారాకూ నడిమింటికీ మధ్య ఒంటి రెక్క తలుపు గుమ్మం ఉండేది. అదెంత ఇరుకంటే, బడి నుంచి గాలిలా పరుగెత్తుకొచ్చే నేను కూడా అక్కడికి రాగానే నడక తగ్గించి, సంచీ ముందుకు లాక్కుని పక్కకు తిరిగి దూరాల్సిందే. నాన్న భుజం వంచేవాడు, అమ్మ నీళ్ళ బిందెను చంకలోంచి దించి రెండు చేతులతో పట్టుకుని అడుగులో అడుగు వేసేది, ప్రార్థనకు వచ్చే బొద్దు పాస్టరుగారైతే ఊపిరి బిగబట్టేవారు. ఆ గుమ్మానికి ఆనుకునే, లోపలి వైపు, మామ్మ మంచం. మా నాన్న తల్లి. ఆమెకు చూపు ఆనేది కాదు. ఎవరి అడుగు నెమ్మదించినా చెయ్యి చాచి మోచెయ్యి పట్టుకునేది.

"ఏంటే, ఇయ్యాల బళ్ళో ఏం జెప్పారు?"

ఏదో ఒకటి చెప్పకుండా వదిలేది కాదు.

డిసెంబరు చలిలో, సముద్రపు గాలికి వాకిట్లో కాగితం నక్షత్రం గిరగిరా తిరుగుతుంటే, వసారాలో రాళ్ళ పొయ్యి మీద అమ్మ వండిన అరిసెలను పళ్ళేలతో లోపలికి చేరవేసేవాళ్ళం. ప్రతి పళ్ళెం నుంచీ గుమ్మం దగ్గర మామ్మకొక అరిసె సుంకం. కళ్ళు కనబడకపోయినా అరిసె దగ్గర మాత్రం గురి తప్పేది కాదు.

ఒక క్రిస్మస్‌కి నా కొత్త గౌను లేసు ఆ గుమ్మం మేకుకు తగులుకుని బర్రున చిరిగింది. రెండు రోజులు అన్నం మానేసి, గుమ్మం పెద్దది చేయించమని ఏడ్చాను. రేపల్లె మేనత్త ఇచ్చిన ఇనప బీరువా కూడా అందులో పట్టక వసారాలోనే తుప్పు పడుతోంది. "చేయించరా అబ్బాయ్, పిల్ల ఏడుస్తంది," అంది మామ్మే. గోడ పగలగొట్టి కొత్త టేకు ద్వారబంధం పెట్టారు. నాలుగు రోజులు ఇల్లంతా అదే వాసన. నేను ఆగకుండా వీధి నుంచి పెరటిదాకా పరుగెత్తి చప్పట్లు కొట్టాను.

తర్వాత అక్కడ ఎవరి నడకా తగ్గలేదు. కావాలని ఎవరూ అలా చేయలేదు, అంతే. మామ్మ చాచిన చేతికి గాలే దొరికేది. "ఎవరూ?" అనేది. "నేనే మామ్మా," అని పెరట్లోంచి అరిచేదాన్ని. కొన్నాళ్ళకు నేను జవాబివ్వడం మానేశాను. ఇంకొన్నాళ్ళకు ఆమె అడగడం మానేసింది.

ఒంటిపూట బడుల రోజులు. ఇంటికొచ్చి, ఆ గుమ్మంలోంచి పెరట్లోకెళ్ళి కాళ్ళు కడుక్కుని అన్నం తిన్నాను. ఆటకని వీధిలోకి పరుగెత్తాను. గవ్వలు మర్చిపోయి మళ్ళీ లోపలికొచ్చాను. మొత్తం మూడుసార్లు ఆ గుమ్మం దాటాను. సాయంత్రం కాఫీ గ్లాసుతో వెళ్ళిన అమ్మ, "అత్తయ్యా! అత్తయ్యా!" అని కేక పెట్టింది. మామ్మ చెయ్యి మంచం పట్టె దాటి గుమ్మం వైపు చాచి ఉంది. "ఎప్పుడు పోయిందో ఏమో, ఒళ్ళు చల్లబడిపోయింది," అంది పక్కింటి పిన్ని. ఆ చేతి పక్క నుంచే నేను వెళ్ళాను, వచ్చాను, వెళ్ళాను.

ఎక్కడా వంచకుండా, తిప్పకుండా మామ్మ శవపెట్టె బయటికి వచ్చింది. గుమ్మం పెద్దది చేయించడం మంచిదయిందన్నారెవరో.

ఇప్పుడా ఇల్లు లేదు. ఈ కాలం ఇళ్ళల్లో హాలుకూ వంటింటికీ మధ్య గుమ్మమే ఉండటం లేదు. మా పిల్లలు ఫోను చూసుకుంటూ ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచిపోతారు.

"సోఫా పట్టాలి కదమ్మా, నాలుగడుగులు పెట్టేద్దామా?" మేస్త్రి మళ్ళీ అడిగాడు.

"పెట్టండి," అన్నాను. ఇరుకుగా కావాలని ఏ మొహంతో అడగను? ఆ హాల్లో నాకూ మంచం వేసే రోజు ఎంతో దూరం లేదు.