తేట నీళ్ల సీసా

ఎసరు బుడబుడా మరుగుతుంటే నేను వంటింట్లో నిలబడలేను. ఇంట్లోవాళ్లు దాన్ని ముసలి చాదస్తం అంటారు. అననీ. ఆ చప్పుడులో నాకు మా అక్క వినిపిస్తుంది.

తాండూరు నుంచి యాలాల్ పోయే దారిలో సున్నం బట్టీల పక్కన ఒక రేకుల షెడ్డు ఉండేది. అందులో పొడి సున్నం జల్లించే పని ఆడవాళ్లది. అరవైల మొదట్లో, నా పెళ్లికి ముందు, అక్కా నేనూ అక్కడ కూలికి పోయేవాళ్లం. మూతికి కొంగు కట్టుకున్నా సాయంత్రానికి కనురెప్పలు కూడా తెల్లబడేవి. పని దిగేటప్పుడు బట్టీల సేటు తలా ఒక బెల్లం ముక్క ఇచ్చేవాడు. బెల్లం తింటే గొంతులోని సున్నం కడుపులోకి జారిపోతుందట. ఛాతీలోకి పోయిన సున్నం ఏ బెల్లంతో దిగుతుందో మాత్రం ఆ మహానుభావుడు చెప్పలేదు.

అక్కకు అప్పటికే ఆయాసం. నాలుగడుగులు వేసి ఆగేది. అడిగితే "సర్ది చేసిందే" అనేది. నడి ఎండాకాలంలో సర్ది ఏమిటో!

ఒకరోజు మేస్త్రి వచ్చి, రేపు హైదరాబాదు నుంచి ఇన్‌స్పెక్టరు వస్తాడు, షెడ్డులో గాలి కొలుస్తాడు అన్నాడు. గాలి చెడ్డదని తేలితే గాలి ఆడేలా షెడ్డు గోడలు తీయించాలట, ఆయాసం ఉన్నవాళ్లను బయటి పనికి మార్చాలట అని గేటు దగ్గర చెప్పుకున్నారు. నాకు ప్రాణం లేచి వచ్చింది. అక్క ఆ షెడ్డులోంచి బయటపడితే చాలు, ఇంకేం అక్కర్లేదు అనుకున్నాను.

అక్క చెవికి మాత్రం ఒక్కటే ఎక్కింది, పెద్దమనిషి వస్తున్నాడని. పొద్దున్నే అందరిచేత షెడ్డు ఊడిపించి, బిందెలతో నీళ్లు మోయించి నేలంతా చల్లించింది. గుమ్మం ముందు ముగ్గు కూడా వేసింది.

"అక్కా, గాలి కొలుస్తరంట. దుమ్ము ఉండనియ్యి" అన్నాను.

"ఇంటికొచ్చినోళ్లకు మన దుమ్ము చూపిస్తమా? సిగ్గు లేదా నీకు?" అని కసిరింది.

మామూలు రోజుల్లో చుక్క నీళ్లు పడినా సున్నం ఉండ కడుతుందని మేస్త్రి మా మీద విరుచుకుపడేవాడు. ఆ రోజు తనే ఒక బిందె అందించాడు.

ఇన్‌స్పెక్టరు మంచివాడే. చిన్న పెట్టె తెచ్చాడు. దానికి చేత్తో తిప్పే పిడి, ముందు ఒక గాజు సీసాలో కాసిన్ని నీళ్లు. పిడి తిప్పుతుంటే షెడ్డులోని గాలి ఆ నీళ్లలోంచి బుడబుడమంటూ పోయేది. గాలిలో దుమ్ము ఉంటే నీళ్లలో చిక్కుతుందని చెప్పాడు. మేం తడి నేల మీద, చెమ్మ తగిలిన సున్నాన్ని మెల్లగా జల్లించాం. సీసాలో నీళ్లు తేటగానే ఉన్నాయి.

"రోజూ ఇలాగే తడిపి పని చేస్తారా?" అని అడిగాడు.

మేస్త్రి నోరు తెరిచేలోపే అక్క అందుకుంది. "రోజు గిట్లనే సార్. మా షెడ్డు మస్తు సాఫుగ ఉంటది."

"లేదు సార్" అన్నాను నేను.

"చిన్నది సార్, దానికేం తెల్వది" అని అక్క నవ్వింది. ఆయనా నవ్వాడు. పెట్టె మూశాడు.

మర్నాటికి నేల ఆరిపోయింది. పొడి సున్నం మళ్లీ రేకుల దాకా లేచింది. సేటు ఆ సాయంత్రం రెండేసి బెల్లం ముక్కలు ఇచ్చాడు. నావి అక్కడే విసిరికొట్టాను.

మరుసటేడు వానల్లో అక్కను రైల్లో వికారాబాద్ ఆస్పత్రికి తీసుకుపోయాను. మంచం పక్కన కూర్చుంటే ఆమె ఛాతీలోంచి అదే చప్పుడు, సీసాలో విన్నదే. అంతలో వరండాలో డాక్టరు మాట వినపడింది.

"జర దుప్పటి సర్దే. సార్ వస్తుండు" అన్నది అక్క, ఊపిరి అందక. కొంగుతో ముఖం తుడుచుకుని, నా భుజం పట్టుకుని లేచి కూర్చుంది.

"ఎలా ఉందమ్మా?" అని డాక్టరు అడిగాడు.

"మంచిగున్న సార్" అన్నది.

ఆయన పక్క మంచం దగ్గరికి పోయాడు. తెల్లారేసరికి అక్క లేదు.