నలభై ఒకటో వరుస

కుట్టుమిషను తిరగడం లేదని మా ఆవిడ అంటే కింది మూత విప్పాను. బాబిన్ చుట్టూ నూనెలో నానిన దూది ఉండ చుట్టుకుని ఉంది. నల్లగా, గోళీకాయంత. వేళ్ల మధ్య నలిపితే ఆ వాసన వచ్చింది. పచ్చి దూది, వేడి నూనె, కాస్త ఇనుము. నలభై ఏళ్ల కిందట ఆదోనిలో నా చొక్కాలన్నింటికీ ఉన్న వాసన అది. మా అమ్మ ఎంత ఉతికినా పోయేది కాదు. నాకు పెళ్లి ఆలస్యం కావడానికి అదే కారణమని చాలాకాలం చెప్పుకున్నాను. అసలు కారణాలు వేరే.

నేను బతికిందంతా, మనిషి పక్కన లేకుండా తమంతట తాము పనిచేసే యంత్రాలను చూసి, 'మనుషుల మధ్య వదలవచ్చు' అని కాగితం రాసివ్వడంలోనే. ఈ పనికి ఇప్పుడు పెద్ద పేర్లున్నాయి. యంత్రం పడగల ప్రతి స్థితినీ గణితంతో తడిమి, ప్రమాదానికి దారి లేదని నిరూపించిన తర్వాతే దాన్ని నడపాలంటారు. పిల్లలు కంప్యూటర్ల మీద చేస్తున్నారు. నాకు ఇది నేర్పినాయన దగ్గర ఒక ఎర్ర పెన్సిలూ, గీతల కాగితాలూ ఉండేవి.

ఆయన పేరు వీరభద్రప్ప. ఆదోనిలో పత్తి గింజలు తీసే ఒక జిన్నింగు మిల్లుకు ఎలక్ట్రికల్ ఫోర్‌మన్. ఊరు ఎమ్మిగనూరు, పుట్టింది నేతగాళ్ల ఇంట్లో. రోజూ పొద్దున బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు పోయేవారు. డెబ్బైల చివర్లో బి.ఎస్సీ. ఫిజిక్సు పాసై, ఇంకేదీ దొరక్క నేను ఆయన కింద చేరాను. మొదటిరోజు నా సర్టిఫికెట్టు అటూ ఇటూ తిప్పి చూసి, "ఫ్యూజు కట్టేది వస్తుందాప్పా?" అన్నారు. రాదన్నాను. "మంచిదే. తప్పుగా నేర్చుకోలేదు" అన్నారు. అది జోకని నేను నవ్వాను. కాదని ఆయన ముఖం చూశాక తెలిసింది.

నేను కాలేజీలో పేరున్న హాస్యగాడిని. రెండేళ్లలో నా మాటలకు ఆయన ఒక్కసారీ నవ్వలేదు. ఒక వేసవిలో మోటారు కాలిపోతే, "దానిక్కూడా మన ఆదోని ఎండ పడలేదు సార్" అన్నాను. "బేరింగు చూడు" అన్నారు. బేరింగే పోయింది. ఆయనను నవ్వించడం నాకు ఒక పరీక్షలా తయారైంది. డిగ్రీ పరీక్షలకు కూడా అంత శ్రద్ధ పెట్టలేదు.

అలా ఉండగా మిల్లుకు కొత్త ప్రెస్సు వచ్చింది. వదులు దూదిని పెట్టెలో పోసి, పైనుంచి ఒక ఇనుప దిమ్మె దిగి అదిమితే గట్టి దూది కట్ట, అంటే బేలు, తయారవుతుంది. పాత ప్రెస్సుకు ఒక మనిషి మీట పట్టుకుని నిలబడేవాడు. కొత్తదానికి మనిషి అక్కర్లేదు. స్విచ్చులు చూసుకుని అదే దిగుతుంది, అదే లేస్తుంది. మీట మనిషిని యజమాని మర్నాడే మాన్పించాడు. మిగిలింది ఉరుకుందు. హాలహర్వి నుంచి వచ్చిన మనిషి, ముగ్గురు పిల్లల తండ్రి. బేలు బయటికి తీశాక తలుపులోంచి చెయ్యి పెట్టి పెట్టె అడుగున అంటుకున్న దూదిని తుడవడం అతని పని. పాత ప్రెస్సులో చెయ్యి పెట్టేముందు "ఓ" అని అరిచేవాడు. మీట మనిషి "ఓ" అనేవాడు. అంతే వాళ్ల మధ్య ఉన్న ఏర్పాటు.

కొత్త ప్రెస్సు ముందు నిలబడి అతను వీరభద్రప్ప సారును అడిగాడు.

"సారూ, ఇంగ నేను ఓ అంటే ఓ అనేటోడు ఎవురు?"

"ఎవరూ లేరప్పా."

"మల్ల నా సెయ్యి లోపల ఉండాదని దానికి ఎట్ల తెలుస్తాది?"

"తలుపు తెరిచి ఉంటే అది దిగకూడదు."

"దిగకూడదా, దిగదా?"

వీరభద్రప్ప సార్ ప్రెస్సు తలుపు ఒకసారి తెరిచి మూశారు. "చూసి చెప్తా. అంతవరకు చెయ్యి పెట్టద్దు" అన్నారు.

"నువ్వు దిగదంటే పెడతా సారూ. ఇంగెవురు సెప్పినా పెట్టను" అన్నాడు ఉరుకుందు.

ఆ మధ్యాహ్నమే ఆయన నన్ను కూర్చోబెట్టి కాగితం మీద గీతలు గీయించారు. "యంత్రం ఏం చేస్తాదని అడగద్దు. అది అమ్మినోడు చెప్తాడు. ఏం చేయకూడదో అడుగు. అది మనమే చెప్పుకోవాల." తలుపు తెరిచి ఉండగా దిమ్మె దిగకూడదు. ఆ ఒక్క వాక్యం కాగితం నెత్తిన రాశాను. ప్రెస్సుకు ఆరు స్విచ్చులు. మొదటిది దిమ్మె పైకి చేరితే నొక్కుకుంటుంది. రెండోది తలుపు మూస్తే నొక్కుకుంటుంది. మూడోది దిమ్మె అడుగుకు చేరితే నొక్కుకుంటుంది. తర్వాత ఇంకో మూడు. ఒక్కోటీ నొక్కి ఉండొచ్చు, వదిలి ఉండొచ్చు. అన్నీ కలిపితే అరవై నాలుగు రకాలు. అరవై నాలుగు వరుసలు గీసి, ఒక్కో వరుసలో, స్విచ్చులను బట్టి ప్రెస్సును కదిలించే రిలేలు ఏం చేస్తాయో రాసి, నెత్తిన ఉన్న వాక్యం ఎక్కడైనా తప్పుతుందేమో చూడాలి.

"అన్నీ ఎందుకు సార్, ముఖ్యమైనవి చూస్తే చాలదా?" అన్నాను.

"మా నాయన చీర అంచుకు పోగులు ఎక్కిస్తాంటే ఒక్కొక్కటీ లెక్కపెట్టేవాడు. ముఖ్యమైన పోగు అని ఒకటి ఉంటాదా? ఒకటి తప్పితే ఆ తప్పు చీర పొడుగునా వస్తాది."

మూడు రోజులు రాశాను. ఆయన ఎర్ర పెన్సిలుతో వెంట వచ్చారు. కొన్ని వరుసల్లో నేను 'జరగదు' అని రాశాను. రాసిన ప్రతిచోటా పెన్సిలు ఆపి, "ఎందుకు?" అనేవారు. కారణం చెప్తే టిక్కు. చెప్పలేకపోతే ఆ వరుస మళ్లీ మొదటినుంచి. నలభై ఒకటో వరుస దగ్గరికి వచ్చేసరికి మూడో రోజు మధ్యాహ్నమైంది. పత్తి బండ్లు గేటు బయట నిలబడి ఉన్నాయి. యజమాని అప్పటికి రెండుసార్లు వచ్చి గది తలుపు దగ్గర దగ్గి పోయాడు. ఆ వరుసలో మొదటి స్విచ్చు నొక్కి ఉంది, మూడో స్విచ్చు కూడా నొక్కి ఉంది. మిగిలినవన్నీ వదిలి. అంటే తలుపు తెరిచి ఉంది, దిమ్మె పైనా ఉంది, అడుగునా ఉంది. నేను 'జరగదు' అని రాసి, పైదీ కిందిదీ కలిసి నొక్కి ఉండే మిగతా పదిహేను వరుసల్లోనూ 'డిటో' అని గీతలు పెట్టేశాను.

"ఎందుకు?" అన్నారు.

"సార్, మీరిప్పుడు ఆదోనిలో ఉండారు గదా. ఇదే నిమిషంలో ఎమ్మిగనూర్లో గూడ ఉండి మీ ఇంట్లో అన్నం తింటాండారంటే, మీ ఇంటామె నమ్ముతాదా?"

ఆయన నవ్వారు. రెండేళ్లలో మొదటిసారి, భుజాలు కదిలేలా. నవ్వుతూనే టిక్కు పెట్టారు. నేను ఆ సాయంత్రం ఇంటికి ఈలవేస్తూ పోయాను.

కాగితం కింద ఆయన సంతకం చేసి, ఉరుకుందు దగ్గరికి వెళ్లి చెప్పారు. "దిగదప్పా."

పదకొండు రోజులు దిగలేదు. పన్నెండో రోజు పొద్దున, పది గంటల వేళ, నేను కరెంటు బోర్డు దగ్గర ఉన్నాను. బేలు బయటికి పోయింది. దిమ్మె పైకి లేచి నిలబడింది. తలుపు తెరిచి ఉంది. ఉరుకుందు చెయ్యి పెట్టి అడుగున తుడుస్తున్నాడు. శబ్దం పెద్దగా ఏమీ రాలేదు. దూది ఉంది కదా. అతని కేక కూడా కాసేపటి తర్వాత వచ్చింది.

కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది.

ఆ మధ్యాహ్నం వీరభద్రప్ప సార్ పట్టిక ముందేసుకుని కూర్చున్నారు. నలభై ఒకటో వరుస మీద వేలు పెట్టి అడిగారు.

"దిమ్మె రెండు చోట్ల ఉండదు. నిజమే. కానీ కింది స్విచ్చిని నొక్కేదానికి దిమ్మే కావాలని ఎవరు చెప్పినారు మనకు?"

నాకు అర్థమైంది. పైస్విచ్చును దిమ్మె నొక్కి ఉంది. నూనె దూది తుడుస్తూ అడుగునున్న స్విచ్చును ఉరుకుందు చెయ్యి నొక్కింది. కింది స్విచ్చు నొక్కి, తలుపు తెరిచి ఉందంటే బేలు తయారై దిమ్మె పైకి లేవాల్సిన సమయమని యంత్రానికి లెక్క. ముందు దిమ్మెను పట్టుకునే కొక్కేన్ని వదులు చేస్తుంది, తర్వాత నూనె ఒత్తిడితో పైకి లేపుతుంది. కానీ పైస్విచ్చు 'ఇప్పటికే పైనున్నాను' అని చెప్తే ఒత్తిడిని ఆపేస్తుంది. కొక్కెం వదిలింది, ఒత్తిడి రాలేదు, దిమ్మె తన బరువుకు తానే కింద పడింది. యంత్రం చెప్పినట్టే విన్నది. 'జరగదు' అని రాయకుండా ఆ వరుస పూర్తిచేసి ఉంటే ఇది పావుగంటలో తేలేది. ఆ పావుగంట బదులు నేను జోకు వేశాను.

విచారణకు వచ్చిన అధికారి పట్టిక చూసి, "ఈ రాత ఎవరిది?" అని అడిగాడు. నేను రెండు గజాల దూరంలో నిలబడి ఉన్నాను. నాకు గొంతు ఉంది. కాలేజీ నాటకాల్లో వెనక వరుసదాకా వినిపించేది.

"నేను చెప్పినాను, ఆ పిల్లోడు రాసినాడు. సంతకం నాది" అన్నారు వీరభద్రప్ప సార్.

ఆయనను మాన్పించారు. పోయేముందు ఆ పదహారు వరుసలూ తన చేత్తో మళ్లీ రాసి, కొక్కేనికి ఇంకో రిలే కలిపి, యజమాని అడగకపోయినా నాకు అప్పగించి పోయారు. ఉరుకుందును గేటు దగ్గర కాపలాకు పెట్టారు. రోజూ నేను లోపలికి పోతుంటే ఎడమచేత్తో నమస్కారం పెట్టేవాడు. ఒకరోజు ఆపి, "సారూ, ఆయన దిగదనె గదా. మల్ల ఎందుకు దిగింది? ఆయప్ప సూడకనే సెప్పినాడా?" అన్నాడు. పనుందని లోపలికి పోయాను. ఆ మధ్య నాకు చాలా పనులుండేవి.

నాలుగు నెలలకు ఎమ్మిగనూరు పోయాను. ఆయన ఇంటి ముందు చావడిలో నీళ్ల మోటార్లకు తీగ చుడుతున్నారు. నన్ను చూసి స్టూలు జరిపారు. నేను బస్సులో తయారుచేసుకున్న మాటలన్నీ వదిలేసి, "సార్, అది నా తప్పు. జోకు నాది" అన్నాను.

ఆయన తీగ చుట్టడం ఆపలేదు. "జోకు నీది. నగింది నేను" అన్నారు. ఇంకో చుట్టు చుట్టి, "ఉరుకుందుకు చెప్పినావా?" అన్నారు.

"లేదు సార్."

"ఎందుకు?"

అదే గొంతు, ఎర్ర పెన్సిలు ఆపినప్పటిదే. నేను సాయంత్రం బస్సుకు ఆదోని వచ్చేశాను.

మర్నాడు గేటు దగ్గర ఆగి చెప్పాను. సార్ చూడక చెప్పలేదని, అరవై నాలుగింటిలో పదహారు నేను చూడకుండా వదిలేశానని, ఆయన అడిగితే నవ్వించి తప్పించుకున్నానని. ఉరుకుందు ఎడమచేత్తో తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఏం నగు మాట సారూ అది? నాకు గూడ సెప్పు."

చెప్పాను. ఆదోని, ఎమ్మిగనూరు, ఇంటామె, అన్నం. ఒక్క మాట వదలకుండా మొత్తం చెప్పాను. నేను నా జీవితంలో అంత మెల్లగా చెప్పిన జోకు ఇంకోటి లేదు. అతను చివరిదాకా విన్నాడు. తలపాగా మళ్లీ చుట్టుకోబోయాడు, ఒంటిచేత్తో అది నిలవలేదు. నేను సాయం చేయబోతే, "వద్దు, పని సూసుకో పో" అన్నాడు. తర్వాత నేను ఆ మిల్లులో ఉన్నన్నాళ్లూ అతను నాకు నమస్కారం పెట్టలేదు. వీరభద్రప్ప సార్‌ను మాత్రం సెలవు దొరికినప్పుడల్లా ఎమ్మిగనూరు పోయి చూసివచ్చేవాడని విన్నాను.

ఇప్పటికీ ఏ యంత్రానికి పట్టిక గీసినా చివర ఒక గడి ఎక్కువ గీయిస్తాను. పైన 'ఎందుకు' అని రాయిస్తాను. నా కింద పనిచేసిన కుర్రాళ్లకు నేను సరదా మనిషినే. భోజనాల దగ్గర నా మాటలకు బాగా నవ్వుతారు. ఆ గడి గురించి మాట్లాడేటప్పుడు ఎవరైనా నన్ను నవ్వించారంటే మాత్రం, ఆ వరుస మళ్లీ మొదటినుంచి రాయమంటాను. పాపం, కారణం వాళ్లకు తెలియదు.

దూది ఉండ తీసేశాక మిషను చక్రం తేలిగ్గా తిరిగింది. మా ఆవిడ గుడ్డ పట్టుకుని సూది దగ్గరకు చెయ్యి చాచి, "ఇంక బాగున్నట్టేనా?" అంది.

"చెయ్యి తియ్యి. చూసి చెప్తా" అన్నాను.