పనసచెట్టు కింద ఫోనూ... అమ్మ తొందరా

మా చిన్నప్పుడు... హుకుంపేట పైన కొండల్లో, మా ఊరంతటికీ ఒక్కటే ఫోను. చిన్నాన్న కొనుక్కొచ్చిన బటన్ల ఫోను. ఇళ్ల దగ్గర సిగ్నల్ సున్నా. కాఫీ తోట దాటాక కొండ మీదున్న పనసచెట్టు దగ్గర మాత్రం రెండు గీతలు కనిపించేవి. అందుకని చిన్న వెదురుబుట్టలో పెట్టి, దాన్ని ఆ చెట్టు కొమ్మకే వేలాడదీశాం!

అది మోగితే తోటలో ఉన్నవాళ్లు "ఫోనొచ్చింది రోయ్!" అని కేకేసేవారు. మేం కొండెక్కేలోగా ఆగిపోయేది. అవతలివాళ్లు కాసేపాగి మళ్లీ చేసేవారు. చార్జింగ్ కావాలంటే సంత రోజున కిందికి తీసుకెళ్లాల్సిందే.

అదిగో అలాంటి రోజుల్లో... నెలలు నిండకుండానే మా అక్కకి నొప్పులొచ్చాయి. బావ జీపులో పాడేరు ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అంతే, కబురు లేదు. అమ్మ అంబలి కూడా ముట్టలేదు. పొయ్యి దగ్గర కూర్చుంటుంది, లేస్తుంది, కొండ వైపు చూస్తుంది...

మర్నాడు పొద్దున్నే కేక వినిపించింది. ఊరు ఊరంతా కొండెక్కేశాం. ఫోన్ మళ్లీ మోగగానే తాత అందుకుని స్పీకర్ పెట్టించాడు.

మా కొండల్లో ఓ మర్యాద ఉంది. కొంప మునిగిపోతున్నా సరే, ముందు క్షేమం, తర్వాత పంటలు, తర్వాత పశువులు... అన్నీ అయ్యాకే అసలు సంగతి. ఫోనొచ్చినంత మాత్రాన మర్యాద మానేస్తామా!

"ఏరా బాబూ, బాగున్నావేటి? అక్కడ సలెలాగుంది?"

బావ తక్కువ తిన్నాడా? ఆయనా మా కొండ మనిషే.

"సలి బాగా ఏస్తంది తాతా. మీ చోళ్లు నూర్చేసినారా?"

"నూర్చేసినాం. మీ కాఫీ కోతలెందాకా వచ్చినాయి?"

ఇద్దరూ అలా తీరిగ్గా మాట్లాడుకుంటుంటే ఫోను కుయ్ కుయ్‌మంది... చార్జింగ్ అయిపోతోంది! అమ్మ ముఖం పాలిపోయింది. మామగారి ఎదుట ఏనాడూ గొంతెత్తని మా అమ్మ, ఆయన చేతిలోంచి ఫోను లాగేసుకుంది.

"ముందల నా గుంట, నా కూతురు ఎలాగుందో సెప్పు బాబూ!"

"బాగుందత్తా! ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా ఇద్దరూ బాగు..."

ఫోను ఆరిపోయింది.

అమ్మ భయంగా తాత వైపు చూసింది. తాత మీసం దువ్వుకుని, "సూసినారా ఈడ్ని... నా ఎద్దుల సంగతి అడక్కుండానే పెట్టేసినాడు!" అన్నాడు.

అబ్బో, ఆ నవ్వులు! ఆడవాళ్లు అక్కడికక్కడే ఒకరి నడుం ఒకరు పట్టుకుని థింసా అందుకున్నారు. అమ్మ ఏడుస్తూనే నవ్వుతూ, నవ్వుతూనే ఆడుతూ... అమ్మని అంత సంతోషంగా నేనెప్పుడూ చూడలేదు.

ఇప్పుడు మా ఊళ్లోనే టవర్ ఉంది. గడపకో స్మార్ట్‌ఫోను. మొన్న మా చెల్లికి బాబు పుడితే, నిమిషంలో ఫోటో గ్రూపులో పడింది. నేను విశాఖలో బస్సులో నిలబడే చూసి, ఓ గుండె బొమ్మ పెట్టేశాను. ఊరంతా అలాగే పెట్టింది. సాయంత్రం అమ్మకి ఫోన్ చేస్తే అంది కదా...

"కబురైతే బేగే తెలిసిపోయింది గానీ... ఎవులితోటీ మాటాడినట్టే నేదే."

బస్సెక్కి ఊరెళ్లిపోవాలనిపించింది.

మీ ఊళ్లో మొదటి ఫోను ఎక్కడ మోగింది? ఎవరెవరు పరిగెత్తుకొచ్చారు? చెప్పండి... పంటలూ పశువులతో మొదలుపెట్టి తీరిగ్గానే చెప్పండి. ఇప్పుడు చార్జింగ్‌కేం, బోలెడుంది.