తలుపు లేని అంగడికి ఒక గొంతు

మా తోడికోడలు పోయింది. లాలాపేటలో కాలనీవాళ్లు పెట్టిన సంతాప సభలో సెక్రటరీ గారు ఆమెను "ఎవరినీ పల్లెత్తు మాట అనని శాంతమూర్తి" అన్నారు. సభలో ఎదురు చెప్పడం మర్యాద కాదని ఊరుకున్నాను, ఈ పదో రోజు పిలుపు రాస్తూ ఇక్కడ చెబుతున్నాను. సెక్రటరీ గారూ, మీరు చూసింది ఆమె చివరి కాలాన్ని, దండ వేసిన ఫోటోని. యూనివర్సిటీ క్వార్టర్స్‌లో ఆమె చేత మాట పడని మనిషి లేరు. నేను ఆ యూనివర్సిటీలోనే పాఠాలు చెప్పుకునేదాన్ని, పైగా వరసకు పెద్దదాన్ని. నన్నూ వదల్లేదు.

కడప నుంచి కాపురానికి వస్తూ ఆమె తెచ్చుకున్న ఆస్తి ఆ గొంతే. నల్లా దగ్గర ఆమె నోరు తెరిస్తే తార్నాకలో బస్సు ఎక్కేవాళ్లు కూడా తిరిగి చూసేవారని మా మరిది, అంటే ఆమె భర్త, అనేవాడు. "మెత్తగా మాట్లాడితే పుచ్చు వంకాయలే దొరుకుతాయక్కా" అనేది నాతో. నిజమే. మా ఆయన ఆస్పత్రిలో ఉన్న నెలంతా నా ఇంటికి గ్యాసూ పాలూ బియ్యమూ వచ్చాయంటే ఆ గొంతు వల్లే. నేను మర్యాదగా అడిగి మర్యాదగా ఖాళీ చేతులతో తిరిగొచ్చేదాన్ని.

మరిది యూనివర్సిటీ ఉద్యోగంలో ఉండగానే పోయాడు. కూతురి ఎమ్మెస్సీ పూర్తయ్యేదాకా క్వార్టర్లో ఉండనిచ్చారు. క్వార్టర్లో వ్యాపారం చేయకూడదన్న రూలు మాత్రం ఆమెకూ వర్తిస్తుందన్నారు. ఆమె పొడులు కొట్టి అమ్మాలనుకుంటోంది. తొంభైల చివరి రోజులవి. తార్నాకలో ఇంటర్నెట్ సెంటర్లు అప్పుడప్పుడే తెరుస్తున్నారు. కూతురు తన క్లాస్‌మేట్ చేత ఒక వెబ్‌సైట్ చేయించింది. కావలసినవాళ్లు కంప్యూటర్లో రాస్తే, కూతురు ఇంటర్నెట్ సెంటర్‌లో చూసుకొచ్చి, పార్సిల్ పోస్టులో పంపడం. "బోర్డు ల్యా, తలుపు ల్యా, ఇదేం అంగడో ఎవురికి కనపడతాదక్కా?" అని మురిసిపోయింది మా తోడికోడలు.

ఎవరికీ కనబడలేదు. కొనేవాళ్లకు కూడా.

అప్పుడు కూతురే రేడియో సంగతి ఎత్తింది. సాయంత్రం పాటలు హాస్టల్ పిల్లలూ, రూముల్లో వండుకునే ఉద్యోగస్తులూ వింటారు, వాళ్లకే కంప్యూటర్లు అందుబాటులో ఉంటాయి అని. కూతురికి ల్యాబు ఉండటంతో మేమిద్దరమే కాచిగూడలో చిన్న రికార్డింగ్ గదికి వెళ్లాం. అక్కడ ప్రకటనలు చదివే అమ్మాయి పప్పుల పొడి గురించి ఎంతో స్పష్టంగా చదివింది. మా తోడికోడలు ఓర్చుకోలేకపోయింది.

"ఏంది పాపా, రైలు లేటని చెప్తాండావా? పొడి తిన్న మనిషి మాట్లాడే తీరా ఇది? జరుగు."

మైకు ముందు నిలబడింది. "ఒరే నాయనా, ఆ హాస్టలు నీళ్ల చారు ఎన్నాళ్లు తాగుతావురా? ఇంత నెయ్యేసుకోని మా పప్పుల పొడి కలుపుకో. అంగడికి రావద్దు. కంప్యూటర్లో రాయి, పోస్టులో పంపిస్తా." వెబ్‌సైట్ పేరు మాత్రం ఆ అమ్మాయి చదివింది.

ప్రకటన మొదటిసారి వచ్చిన సాయంత్రం నేను ఆమె వంటింట్లోనే ఉన్నాను. కూతురు ఇంటర్నెట్ సెంటర్‌లో ఉంది. రేడియోలో ఆ మాటలు ఇంకా అయిపోకముందే పక్కింటామె గోడ మీంచి తొంగిచూసింది.

"ఏందొదినా, నల్లా కాడ సాలదని రేడియోల గూడ ఎక్కినవా?"

"నీకెట్ల తెలిసెనే?"

"నీ గొంతు తెల్వనోళ్లు ఈ క్యాంపస్‌ల ఎవరున్నరు?"

మా తోడికోడలు చటుక్కున రేడియో కట్టేసింది. ఆ ప్రకటనలు చదివే అమ్మాయి గొంతుతోనే వేయించి ఉండాల్సింది కదే అన్నాను. "అది చెప్తే ఎవురు కొంటారక్కా?" అంది. అదీ నిజమే. ఆ వారమే ఆర్డర్లు మొదలయ్యాయి. ఆ వారమే యూనివర్సిటీ ఆఫీసు నుంచి పిలుపూ వచ్చింది. వెళ్లి చెప్పింది పై వాటా మేడమ్. ఏళ్ల తరబడి గిన్నె పంపించి పొడి తెప్పించుకున్న మనిషి. అమ్మకానికి పెడితే తనకిక ఊరికే రాదని బెంగ పెట్టుకుందేమో, పాపం.

దారి పొడుగునా నేను నూరిపోశాను. "గొంతుకు సాక్ష్యం ఏముంది? కాదను, చాలు." ఆఫీసరు మా మరిదిని ఎరిగినవాడు, మంచివాడు. మా పని ఇంకా తేలిక చేశాడు. "ఆ రేడియో ఆమె మీరు కాదని నాకు తెలుసమ్మా. ఎవరో అద్దె మనిషి. ఒకటే కృతకం. వంట రానివాళ్ల గొంతు. మీరు కాదని రాసేసుకుంటాను, వెళ్లండి."

తల ఊపితే అయిపోయేది.

"వంట రానిదాని గొంతా?" అంటూ లేచింది. లేచి, ఆ ప్రకటన మొత్తం, 'ఒరే నాయనా' దగ్గర్నుంచి పోస్టు దాకా, ఆ ఆఫీసులో వినిపించింది. టైపు మిషన్లు ఆగిపోయాయి. ఒక గుమాస్తా అయితే పొడి ఎక్కడ దొరుకుతుందమ్మా అని అడిగాడు. ఆఫీసరు కలానికి క్యాప్ పెట్టేసి కిటికీ వైపు చూశాడు.

క్వార్టర్ పోయింది. లాలాపేటలో ఒక గదికి మారారు. గదికి అద్దె కావాలి, అద్దెకు ఆర్డర్లు కావాలి, ఆర్డర్లకు కూతురి చేతులు కావాలి. "ఈ యేడు ఆపు, మళ్లా చదువుదువులే" అంది తల్లి. ఆ పిల్ల రెండో సంవత్సరం మధ్యలో ల్యాబుకు వెళ్లడం మానేసింది. అంగడి మూతపడి ఉంటే మళ్లీ చదువుకునేదేమో. ఖర్మ కొద్దీ బాగా నడిచింది.

ఆ తర్వాత ఇద్దరూ మిరపకాయల గురించీ పార్సిళ్ల గురించీ మాత్రమే మాట్లాడుకోవడం చూశాను. మా తోడికోడలు గొంతు తగ్గించింది. వంకాయలవాడితో కూడా బేరం మానేసింది. సెక్రటరీ గారూ, మీరు శాంతం అనుకున్నది అదీ. ఒకసారి నన్నడిగింది: "అక్కా, ఆ పొద్దు ఆఫీసులో నేను గమ్మునుండింటే?"

"గమ్మునుండేదానివైతే నువ్వెవరివే?" అన్నాను. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

మొన్న కూతురు బీరువాలోంచి ఆ ప్రకటన క్యాసెట్ తీసి నా ముందు పెట్టింది. "పెద్దమ్మా, దీన్ని నేనెప్పుడూ వినలా. రేడియోలో వచ్చినప్పుడు ఆర్డర్లు రాసుకుంటా ఉంటి. ఇప్పుడు వినాల. నా చదువు కన్నా ఎక్కువ ఈ గొంతులో ఏముండాదో వినాల."

వాళ్లింట్లో ప్లేయర్ ఎప్పుడో చెడిపోయింది. కాబట్టి పదో రోజుకు వచ్చేవాళ్లకు ఒక మాట. ఎవరింట్లోనైనా పాత క్యాసెట్ ప్లేయర్ పనిచేస్తూ ఉంటే తీసుకురండి. ముందు ఏదైనా పాటల క్యాసెట్ వేసి, టేపు నమలడం లేదని చూసుకోండి. కరెంటును నమ్మకండి, కొత్త బ్యాటరీలు వేయండి. భోజనాలకు ముందే నా చేతికివ్వండి. ఇచ్చి, ఆ పిల్ల లోపల వింటున్నంతసేపూ అందరూ బయట కూర్చోండి. సౌండు తగ్గించమని అడగకండి. లోపల్నుంచి ఏం వినబడినా ఎవరూ లేవకండి.