అయితే అనేలోపే ఆమెన్

ఇల్లు అంటుకున్నవాళ్ళు కూడా ఇంత నింపాదిగా చెప్పుకోరు. అయినా నా కొంపకి నేనే నిప్పు పెట్టుకున్న సంగతి చెప్పాలని కూర్చున్నాను, వినండి. అగ్గిపుల్ల ఖర్చయినా లేదు. పట్టపగలు, పెద్దమనుషుల ఎదురుగా, టీ తాగుతూ, ఒక్క నోటితో అంటించుకున్నాను. పొదుపరినని ఊళ్ళో పేరున్నదాన్ని. తగలబెట్టుకోవటంలోనూ ఆ పేరు నిలబెట్టుకున్నాను.

నా చదువు మిషను బడిలో అయిదో తరగతి, అది కూడా సగం. మిగతా సగం వరికోతలు మింగేశాయి. బైబిలు చదువుతాను, కొట్టువాడి త్రాసు ముల్లు చదువుతాను, మనిషి మొహం చదువుతాను. ఈ మూడూ వస్తే బతకొచ్చని నా నమ్మకం. మా మనవరాలు ఎస్తేరుకి ఈ మూడూ చాలలేదు.

మా ఇల్లు తెనాలి. మా అబ్బాయి దానియేలు గుమాస్తా పని చేస్తాడు, వాడి కూతురే ఈ ఎస్తేరు. హైదరాబాదులో పరాయి భాషలు నేర్పే చోట సీటు వచ్చిందంటే, ఇంగ్లీషే కదా, బ్యాంకు పరీక్షలకి పనికొస్తుందని పంపాం. తీరా పెట్టె సర్దుకుని వెళ్ళాక తెలిసింది, అది నేర్చుకునేది స్పానిషట. తెనాలి మూడు కాలవలూ జల్లెడ పట్టినా స్పానిష్ వచ్చిన పీత ఒక్కటి దొరకదు. ఇంక ఎవరితో మాట్లాడుతుందండీ ఇది? అయినా ఓర్చుకున్నాను. ఎం.ఏ. అయిపోయింది, వేసవికి ఇంటికొచ్చింది. ఇది తొంభైల మొదట్లో మాట.

అప్పుడు మొదలైంది అసలు తగువు. బాపట్లలో బీఈడీ సీటు వచ్చింది, నా పోరు పడలేక రాసిన పరీక్షకి. అదే సమయానికి హైదరాబాదులో స్పానిష్ మీద పరిశోధన చేయటానికీ సీటు వచ్చింది. బాపట్ల అంటే పొద్దున బండెక్కితే చీకటి పడేలోపు ఇంట్లో ఉంటుంది. ఏడాది తిరిగితే అమృతలూరులోనో జంపనిలోనో పంతులమ్మ ఉద్యోగం, ఇంటి కూడు, ఆదివారం గుళ్ళో నా పక్కన కూర్చుని పాట. హైదరాబాదు అంటే ఇంకో రెండేళ్ళు, ఆ తర్వాత ఏంటో దానికే తెలియదు. నేను బాపట్ల అన్నాను. అది హైదరాబాదు అంది. మా వాడు గోడ మీద పిల్లి. పిల్లి నయం, ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక పక్కకి దూకుతుంది. వీడు ఆ గోడ మీదే కాపురం పెట్టాడు. చివరికి మా కోడలు, వచ్చే శనివారం పాస్టరు అయ్యగారిని పిలుద్దాం, ఆయన ముందు తేల్చుకోండి అంది.

అయ్యగారిని పిలవటం అంటే మా ఇళ్ళల్లో ఏంటో చెప్పాలి, లేకపోతే నా గొయ్యి ఎంత లోతో మీకు తెలియదు. ఆయన వస్తారు, టీ ఇస్తాం, అందరూ తలా ఒక మాట చెబుతారు. ఇంటికి పెద్దవాళ్ళు ఆఖర్న మాట్లాడతారు. వాళ్ళ మాట పూర్తవగానే అయ్యగారు లేచి ప్రార్థన చేస్తారు. ఆమెన్ అన్నామంటే ఆ విషయం దేవుడి చేతికి వెళ్ళిపోయినట్టు. మళ్ళీ లాక్కుంటే దేవుడి చేతిలోంచి లాక్కున్నట్టే. ఈ కట్టుబాటుకి మా ఇంట్లో పోలీసుని నేనే. ఒకసారి స్కూటరు కొనొద్దని తేలాక మా వాడు మళ్ళీ ఆ మాటెత్తితే, ఆమెన్ తర్వాత నోరు లేదురా అని అన్నం పళ్ళెం ముందు నుంచి లేపాను.

సరే, శనివారం దాకా వ్యవధి ఉంది. మధ్యాహ్నాలు ఎస్తేరు వసారాలో కూర్చుని పైకి చదువుకునేది. నేను పక్కన చింతపండు గింజ తీసేదాన్ని. ఆ భాష వింటుంటే గులకరాళ్ళ మీద ఎడ్లబండి పోతున్నట్టుండేది.

"ఏంటే అది, కథా?" అన్నాను ఒకరోజు.

"కథ కాదు నానమ్మా, వ్యాసం. వాళ్ళ ఊరి పాత గోడ కూలగొట్టాలంటాడు రాసినాయన."

"కూలగొట్టాలంటే గునపం పట్టుకోవాలి గానీ వ్యాసం ఎందుకు?"

"ఊళ్ళోవాళ్ళు వద్దంటున్నారుగా. వాళ్ళని మాటలతో ఎలా తిప్పుకున్నాడు, ఏది ముందు పెట్టాడు, ఏది వెనక దాచాడు, అదే నా చదువు."

అంటే పోట్లాట అన్నమాట. మా వీధి కుళాయి దగ్గర పోట్లాటలకి కూడా పరిశోధన ఉంటుందని తెలిస్తే నేను ఈపాటికి డాక్టరు బిరుదు పుచ్చుకుని ఉందును. అదే అన్నాను. అది నవ్వి, వాళ్ళ రచయితలు వాడే ఎత్తులన్నీ ఒక్కొక్కటే చెప్పింది. జవాబు అక్కర్లేని ప్రశ్న వేయటం ఒకటి. బుద్ధుందా నీకు అని రోజూ వాళ్ళ నాన్నని నేనడిగేది అదే. పెద్దవాళ్ళని సాక్ష్యానికి పిలవటం ఒకటి. చచ్చి ఏ లోకాన ఉందో మా అత్తగారు, ఆవిడ అనని మాటలు ఎన్ని ఆవిడ పేరు మీద చెలామణి చేశానో. 'మనం, మనం' అంటూ చదివేవాడి భుజం మీద చెయ్యి వేయటం ఇంకొకటి. అది ఓట్లకి వచ్చే ప్రతివాడూ చేస్తాడు. ఇందుకోసం హైదరాబాదు ఎందుకే, వీధి చివరికి వెళ్ళిరా చాలు అన్నాను.

"అయితే ఇది విను. ఈయన గోడ కూలగొట్టాలని ఎక్కడ మొదలెట్టాడో తెలుసా? గోడని పొగడటంతో. దాని నీడ చల్లన, దాని రాళ్ళు మా తాతలు మోసినవి, దాన్ని ప్రేమించేవాళ్ళది తప్పు కాదు అని రెండు పేజీలు. అవతలివాళ్ళ మాటంతా ఒప్పేసుకున్నాడు. చదివేవాళ్ళు మెత్తబడ్డాక అప్పుడు అంటాడు, సిన్ ఎంబార్గో."

"జ్వరం బిళ్ళ పేరులా ఉంది."

"అయితే అని అర్థం నానమ్మా. ఆ ఒక్క మాటతో గోడ మొత్తం కూలిపోతుంది. ఎంత ఎత్తుకి లేపితే అంత గట్టిగా పడుతుంది."

నా చేతిలో చింతపండు చేతిలోనే ఉండిపోయింది. మా వంశంలో ఏడు తరాలుగా ఎదుటివాడి మాట ఒప్పుకున్నవాళ్ళు లేరు. మా మామగారు పోయేముందు కూడా, ఇంక లాభం లేదన్న డాక్టరుతో వాదించే పోయారు. ఒప్పుకుని గెలవటం అనేది మా ఇంటా వంటా లేని విద్య. అప్పుడే నా బుర్రలో పురుగు దూరింది. దీని కత్తితోనే దీన్ని కోస్తే?

దొంగకైనా ముందు ఒక చిన్న ఇల్లు కావాలిగా, చెయ్యి తిరగటానికి. మర్నాడు అడవులదీవి నుంచి రొయ్యల గంప నెత్తిన పెట్టుకుని మాకు వాడుకగా వచ్చే మనిషి వచ్చింది. మామూలుగా అయితే గంప దించకముందే కుళ్ళిపోయాయంటాను, అది దించకముందే నన్ను తిడుతుంది, అలా ఇద్దరికీ కాలక్షేపం. ఆ రోజు నేను, అమ్మా, నీ రొయ్యలు తాజావే, ఈ ఎండలో రేపల్లె వచ్చి బండెక్కి ఇంత దూరం మోసుకొచ్చావు, నువ్వు చెప్పిన ధర న్యాయమే అన్నాను. మామ్మగారికి ఒంట్లో బాగాలేదా అని మా కోడల్ని అడిగింది. అప్పుడు నేను మెల్లిగా, అయితే, ఇంట్లో తినేవాళ్ళు తక్కువమ్మా అని నా ధర చెప్పాను. కంగారులో నేనన్న ధరకే ఇచ్చి, పైన ఒక దోసెడు వేసి, ఆరోగ్యం చూసుకోండి మామ్మగారూ అని చెప్పి వెళ్ళింది.

అంతే, నేను నేల మీద లేను. శనివారం కోసం మాటలు వండటం మొదలుపెట్టాను. గోడ ఎంత ఎత్తుకి లేపాలా అని లెక్కలు. పొగడ్త బాగా పండాలి, చివర్లో ఒక్క క్షణం ఆగాలి. ఆ ఆగటం చాలా ముఖ్యమని ఎస్తేరే చెప్పింది, పేరా మారేచోట చదివేవాడు ఊపిరి తీసుకుంటాడట. ఆ తర్వాత 'అయితే'. ఆ తర్వాత బాపట్ల.

శనివారం అయ్యగారు వచ్చారు. సాయంత్రం రేపల్లెలో ప్రార్థన కూడిక ఉందనీ, బండికి వెళ్ళాలనీ వస్తూనే చెప్పారు. నా చెవికి అది ఎక్కలేదు. ఎక్కి ఉంటే ఈ కథే లేదు.

ఎస్తేరు తన మాట చెప్పింది. రెండేళ్ళు చదవనివ్వండి, తర్వాత ఎవరికీ బరువు కాను అంది. ఆ మాటంటున్నప్పుడు దాని మొహం చూడకుండా నేను గట్టిగా టీ ఊదుకున్నాను. మా కోడలు రెండు పక్కలా న్యాయం ఉందంది. మా వాడు గోడ మీద నుంచి దిగకుండానే ఏదో అన్నాడు. అప్పుడు అయ్యగారు నా వైపు తిరిగి, అమ్మగారూ, మీ మాట అన్నారు.

గొంతు సవరించుకున్నాను. మొదలుపెట్టాను. మా ఎస్తేరు తెలివైనదండి అన్నాను. అయిదో తరగతి సగంలో ఆగిపోయినదాని మనవరాలు సముద్రాలవతలి భాష చదువుతోందంటే అది మా గొప్ప కాదు, దేవుడి దయ అన్నాను. బాబెలు గోపురం దగ్గర భాషలు తారుమారు చేసింది ఆయనే, వాటిని మళ్ళీ కలిపే పిల్లని మన ఇంట్లో పుట్టించింది ఆయనే అన్నాను. ఇది ముందు అనుకున్నది కాదు, అప్పటికప్పుడు వచ్చేసింది. నాకే ముచ్చటేసింది. పంతులమ్మలు ఊరికి పదిమంది ఉంటారు, ఇలాంటి చదువు చదివేది ఎక్కడో ఒక్కరు అన్నాను. మా కోడలు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. మా వాడు జీవితంలో మొదటిసారి నన్ను మనిషిని చూసినట్టు చూశాడు. గోడ ఆకాశానికి అంటుకుంది. ఇంక ఒక్క తోపు చాలు.

ఆగాను. ఊపిరి తీసుకున్నాను. ఎంత బాగా తీసుకున్నానంటే, టీ కూడా ఒక గుక్క తాగాను.

అయ్యగారు లేచి నిలబడ్డారు. "ఇంతకంటే చెప్పేదేముంది. ప్రార్థన చేసుకుందాం."

"అయి..." అన్నాను నేను.

అప్పటికే అందరి తలలూ వంగిపోయాయి, కళ్ళు మూసుకుపోయాయి. ప్రార్థనలో అడ్డు మాట్లాడటం మా ఇంట్లో హత్య తర్వాత అంతటి నేరం, ఆ చట్టం రాసిందీ నేనే. దగ్గుదామనుకున్నాను. దగ్గితే ఆయన నా ఆరోగ్యం కోసం ఇంకో ప్రార్థన ఎత్తుకుంటారు. ఈలోపు ఆయన, తండ్రీ, ఈ తల్లి నోట నీవు పలికించిన ప్రతి మాటకీ స్తోత్రం అంటున్నారు. సగమే తండ్రీ, మిగతా సగం నా గొంతులోనే ఉంది అని లోపల నేను. ఈ బిడ్డ హైదరాబాదు ప్రయాణాన్ని దీవించు అంటున్నారు. ఇద్దరం ఒకే దేవుడికి చెరో మాట చెబుతున్నాం. ఆయన గొంతు పెద్దది.

చివరికి ఆమెన్ అన్నారు. అందరూ అన్నారు. అందరికంటే గట్టిగా అన్నది ఎవరనుకున్నారు? యాభై ఏళ్ళ అలవాటండి. బుర్రని అడగకుండానే నోరు అనేసింది.

కళ్ళు తెరిచి, "అయితే అయ్యగారూ..." అన్నాను.

"అమ్మా, ఆమెన్ అయిపోయింది" అన్నాడు మా వాడు. స్కూటరు బాకీ ఆ ఒక్క మాటలో వడ్డీతో సహా తీర్చేసుకున్నాడు.

అయ్యగారు నా చేతులు పట్టుకుని, మీలాంటి పెద్దవాళ్ళు ఇంటికొకరుండాలి అని చెప్పి బండికి పరుగెత్తారు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నోరు మరీ మంచిదైతే మనవరాలు ఊరు దాటిపోతుంది, ఇది నేను కలిపిన ముక్క.

ఎస్తేరు వచ్చి నా పక్కన చతికిలబడింది. నా ఎత్తు దానికి తెలియకుండా ఉంటుందా, అది చదివేదే అది.

"తర్వాత 'అయితే' అనబోయావు కదా నానమ్మా."

"నోర్మూసుకో."

"నీ తప్పు కాదులే. పుస్తకంలో అయితే చదివేవాడు పేజీ తిప్పేదాకా మన చేతిలో ఉంటాడు. మధ్యలో లేచి ప్రార్థన చెయ్యలేడు."

"బండికి టైమయిందని కూడా అనడు" అన్నాను. అప్పుడు అది నా ఒళ్ళో తల పెట్టుకుని నవ్విన నవ్వుకి నా తెల్లచీర పాడైంది. నవ్వుతూనే ఏడ్చింది వెధవది.

రెండేళ్ళు చదివింది. తన పరిశోధనంతా స్పానిష్‌లో రాసి, అట్ట వేయించిన లావుపాటి పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. లోపల నాకు తెలిసిన అక్షరం ఒక్కటి లేదు. మొదటి పేజీ మీద వేలు పెట్టి తెలుగులో చెప్పింది, 'మా నానమ్మకి, అయితే అనకుండా ఆగినందుకు' అని రాసిందట. ఆగింది నేనా? ఆపారు. ఆ సంగతి స్పెయిన్ దేశంలో ఎవరికి చెప్పుకోను?

కాబట్టి పాఠకులారా, ఒట్టు పెట్టుకోవద్దని బైబిల్లో వాక్యం ఉంది గనక ఇది ఒట్టు కాదు, గట్టి తీర్మానం. బతికున్నంతకాలం ఎవరి మాటా ముందుగా ఒప్పుకోను. పొద్దు తూర్పున పొడిచిందన్నా సరే, ముందు కాదంటాను, ఆ తర్వాత చూద్దాం. మొన్ననే ఆచరణలో పెట్టాను. అయ్యగారు ఇంటికొచ్చి, అమ్మగారూ, మీ ఎస్తేరు మన సంఘానికే గర్వకారణం అన్నారు. కాదండి అన్నాను. ఆయన తెల్లబోయి తేరుకునేలోపే 'అయితే' అని అందుకుని, దాని గొప్పలు మొదటి నుంచి మొదలుపెట్టాను. ఎక్కడా ఊపిరి తీసుకోలేదు. పాపం, ఆయనకి రేపల్లె బండి తప్పిపోయింది.